గాలి విమానం, కుక్క పళ్లు

రిటైరైన బస్సు కండక్టరు క్లెమెంట్ ట్విగ్ చరిత్రకారుడు. ఎల్డర్‌ఫోర్డ్ ఊళ్లో ఆ మాట అనేది ఆయనొక్కడే. పదకొండేళ్లుగా ఆయనకు పట్టిన పిచ్చల్లా 1957లో ఊరి చివరి మైదానంలో సైన్యం వాళ్లు ఎగరేసి చూసిన రబ్బరు గుడ్డ విమానం. పంపుతో గాలి కొడితే రెక్కలు విచ్చుకునేవి. గాలి తీసేస్తే కారు డిక్కీలో పట్టే మూట.

"మీ సైకిల్ వెనక చక్రంలో గాలి లేక ఆర్నెల్లయింది. ముందు దాని చరిత్ర చూడండి," అనేది భార్య మ్యూరియల్.

ఆయన ఒక చిన్న పుస్తకం కూడా వేశాడు. రెండు వందల ప్రతుల్లో నూట అరవై మూడు మంచం కిందే ఉన్నాయి. పెద్ద అధికారుల ముందు ఎగిరిన రోజున విమానం కంచె ఎత్తు లేచి, తోకలో గాలి పోయి, క్యాబేజీ తోటలో కూలబడింది. దాంతో ఆ ప్రయోగమే ఆగిపోయింది. కారణం కూడా రాశాడు: 'ఎవరో అజాగ్రత్త పిల్ల అతుకు సరిగా వెయ్యలేదు.' అందుకు ఆయన దగ్గర ఆధారం ఒక్క ముక్క లేదు. వాక్యం బాగా కుదిరింది, అంతే.

జిల్లా దస్త్రాల గదిలోకి పెన్నులు రానివ్వరు. అందుకని చర్చిలో కూడా ఆయన చెవి మీద పెన్సిలే ఉండేది. ఓ మంగళవారం బయట వాన, బస్సుకు ఇంకా గంట. అన్ని కట్టలూ చూసేశాడు, 'కుక్కలు' అని రాసి ఉన్నదొక్కటి తప్ప. కుక్కలతో నాకేం పని అని పదకొండేళ్లు పక్కన పెట్టిన ఆ కట్టను పొద్దుపోక విప్పాడు.

పైకాగితం ఇద్దరు సిపాయిల వాంగ్మూలం. విమానం కూలిన రోజు ఉదయం కమాండర్ గారి కుక్క దాని తోక కొరికింది. రెండో కాగితం: 'నివేదికలో కుక్క ప్రస్తావన ఉండరాదు.' మూడోది: 'అతుకులు వేసిన 4, మిల్ లేన్ నివాసి మిస్ ఎనిడ్ హాక్రాఫ్ట్‌ను ఉద్యోగం నుంచి తొలగించడమైనది.'

క్లెమెంట్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. ప్రతి గురువారం చరిత్ర సంఘంలో తనకు రెండు చెంచాల పంచదార వేసి టీ ఇచ్చే ఎనిడే! ఎదుటివాళ్లు చెప్పనిదే వాళ్ల గతం అడగడం ఆ ఊళ్లో మర్యాద కాదు. అందుకని పదకొండేళ్లుగా ఇద్దరూ వాన గురించే మాట్లాడుకున్నారు. పైగా తన పుస్తకాన్ని ఆమె తొలిరోజే పూర్తి ధరకు కొని సంతకం అడిగింది. ఈ మహానుభావుడు 'చరిత్రాభిమాని ఎనిడ్ గారికి' అని రాసిచ్చాడు. తలచుకుంటే సిగ్గుతో చెవులు కాలాయి.

తడిసి ముద్దై మిల్ లేన్‌లో తలుపు తట్టాడు. వాకిట్లో నిలబడే అంతా చెప్పాడు.

"కుక్కా?" అంది ఎనిడ్. "నా అతుకు ఊడదండీ అని ఎంతమందికి చెప్పానో. మా అమ్మ పోయేదాకా నమ్మలేదు."

"పుస్తకం చదివాక నాకొక్క మాట చెప్పకపోయారా?"

"మీరడిగితే కదా! వాన పడుతుందా అన్నారు, పడుతుందన్నాను."

"నేను వట్టి గాడిదనండీ."

"బాగుంది. కుక్క కొరికింది, గాడిద రాసింది, మధ్యలో ఉద్యోగం నాది పోయింది," అంది ఎనిడ్. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

లోపలికెళ్లి పుస్తకం తెచ్చింది. ఆ పేజీ దానంతటదే తెరుచుకుంది. ఎన్నిసార్లు చదివిందో! క్లెమెంట్ చెవి మీది పెన్సిల్ తీసి ఆ వాక్యం మీద గీత పెట్టబోయాడు. ఎనిడ్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెన్సిల్ వద్దు. చెరిగిపోతుంది." సొరుగులోంచి పెన్ను తీసిచ్చింది. "మంచం కింద ఇంకెన్నున్నాయి?"

"నూట అరవై మూడు."

"అన్నీ పట్రండి. టీ నేను పెడతాను."