కరెంటు తీసి చూసిన వియ్యంకుడు

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని చర్చి మెట్లు దిగుతుంటే అల్లుడి ఫోన్ వచ్చింది. "మామా, బాపు పోయిండు." మా వియ్యంకుడు! బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మోటార్లు బాగుచేస్తూ రిటైరైన మనిషి. కళ్లు తడుస్తున్నా, ఆయనను తలుచుకుంటే నా మనసు ఉప్పొంగుతుంది. ఏం చేయను, నా బిడ్డను నిలబెట్టిన మనిషి మరి!

నా బంగారుతల్లి బోధన్‌లో చిన్న ఎక్స్‌రే సెంటర్ పెట్టిన కొత్త రోజులు అవి. బ్రాడ్‌బ్యాండ్ కూడా అప్పుడప్పుడే వచ్చింది. నిజామాబాద్ డాక్టరొకాయన, "మీ కంప్యూటర్లో బొమ్మలు నేను ఇక్కడినుంచే తెరిచి చూడగలిగితే, మీ వైపు పేషెంట్లందరినీ మీ దగ్గరికే పంపుతా" అన్నాడు. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా నెట్ నంబరు మారిపోయేది. పాత నంబరుతో వెతికితే ఆయనకు ఏమీ దొరికేది కాదు. "ఇంకొక్కసారి చూస్తా, అంతే" అన్నాడు చివరికి.

నంబరు మారినా ఒకే పేరు మీద దొరికేట్టు చేసే సర్వీసులు ఉంటాయట, డైనమిక్ డీఎన్ఎస్ అని. ఏడో తరగతి దాటని నాకు వియ్యంకుడే అర్థం చేయించాడు: "చెరుకు ఏ బండిల పోయినా తూకం పట్టీ రైతు పేరు మీదనే గద బావా! గిది గంతే."

పైసలు కట్టకుండా ఊరికే ఇచ్చేదే చాలన్నాను నేను.

"అది నెలనెలా మెయిల్‌ల వచ్చే లింకు ఒత్తకుంటే పేరు తీసేస్తరంట మామా" అంది అమ్మాయి ఆయనతో. "కంప్యూటర్ నడుస్తుంటెనే పనిచేస్తది. పైసలు కట్టేదైతే మోడెంలనే పెట్టొచ్చు."

"గదే పెట్టు బిడ్డా. ఊరికే పీకుతరంటే మీ నాయన మంచి పన్ను గూడ పీకించుకుంటడు."

డాక్టరు చివరిసారి చూస్తానన్న రోజు పొద్దున, సెల్‌ఫోన్‌లో ఆయనే, "ఆఁ, తెరుచుకుంది" అన్నాడు. నేను ప్రభువుకు స్తోత్రం చెప్పబోయానో లేదో, మా వియ్యంకుడు మెయిన్ స్విచ్చు దగ్గరికి నడిచి కేకేశాడు. "సార్, కరెంటు తీస్తున్న! వచ్చినంక మళ్ల తెరువుండ్రి."

"బావా, నీకు దండం పెడ్త! అయిన పనిని ఎందుకు చెడగొడ్తవ్?"

"సక్కగ నడిసేటప్పుడు అందరు మంచోళ్లే బావా. ఆగినంక సూడాలె."

ఆయన ఎప్పుడూ అనే మాటే అది. మిక్సీ కొన్నా షాపువాడి చేత పదిసార్లు ఆపించి, వేయించి చూసేవాడు.

ఖట్‌మని మెయిన్ దించాడు. ఫ్యాను ఆగింది. మళ్లీ ఎత్తాడు. మోడెం దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే అమ్మాయి కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి పెదవి కొరుక్కుంటోంది.

"లేదమ్మా, రావట్లేదు" అన్నాడు డాక్టరు.

బయట చెరుకు ట్రాక్టరొకటి దడదడలాడుతూ పోయింది.

"ఇంకోసారి చూడండి సార్" అంది అమ్మాయి.

"ఆగమ్మా, కొత్త నంబరు పేరుకు ఎక్కడానికి టైము పడుతుందేమో... ఆఁ, వచ్చింది! పక్కటెముకలు కూడా స్పష్టంగా ఉన్నాయి. రేపటినుంచి పంపుతా."

నేనూ నా బిడ్డా చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం. వియ్యంకుడు మాత్రం స్విచ్చు దగ్గరే నిలబడ్డాడు. కాసేపటికి గోడకు ఆనించిన చేతిని మెల్లగా తీశాడు. తెల్లటి సున్నం మీద అయిదు వేళ్లూ చెమటతో అచ్చుపడి ఉన్నాయి. ఫ్యాను గాలికి చిటికెనవేలి అచ్చు ముందు ఆరింది. అరచేతి అచ్చు చాలాసేపు తడిగానే ఉండిపోయింది.