బస్సులో దువ్విన ఉన్ని

కామాటిపుర పదకొండో గల్లీలో గంగారాంది రఫూ పని. ఎలుక కొరికిన కోటైనా, మేకు తగిలిన పట్టుచీరైనా ఆయన చేతుల్లోంచి తిరిగొచ్చాక, చిరుగు ఎక్కడుండేదో సొంతదారే వెతుక్కోవాలి. ఆ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాత శాలువలను పోగుపోగూ విప్పి మళ్లీ అల్లుతూ నేర్చుకున్నాడు. ఇప్పుడాయనకు అరవై ఆరేళ్లు. ముత్తాతలు పాలమూరులో గొర్రెలు కాచిన కురుమలు. గంగారాం మాత్రం ఈ గల్లీలోని ఒంటిగదుల చాల్‌లోనే పుట్టాడు. నాగ్‌పాడాలో తాడుకు కట్టిన గొర్రెలను దూరం నుంచి చూడటమే తప్ప, ఒక్కదాన్నీ ముట్టుకున్నవాడు కాదు.

ముత్తాత భుజాన వేసుకొచ్చిన నల్ల గొంగడి మాత్రం ఇంట్లో ఉంది. వాళ్లింట్లో పెళ్లంటే దాన్ని పరిచి జంటను కూర్చోబెట్టాలి. మనవరాలు ప్రతీక్ష పెళ్లి ఆదివారం. ఆరు రోజుల ముందు అక్క బాలమ్మ గొంగడిని దులిపి నేల మీద పరిచింది. పక్కనే దోమల కాయిల్ వెలిగించి కాసేపు కునుకు తీసింది. లేచేసరికి సరిగ్గా పెళ్లికూతురు కూర్చునే చోట అరచేయంత చిల్లు.

“చిల్లు గొంగడి మీద నా పిల్లను కూసోనియ్య,” అంది బాలమ్మ.

“కాల్చింది నువ్వే గదనే అక్కా.”

“కాల్చుడు నాతోనయ్యింది. కుట్టుడు నీతోనైతది.”

గొంగడికి గొంగడి ఉన్నే కావాలి. బజారు దారానికి అగ్గిపుల్ల చూపిస్తే కరిగి ముద్దవుతుంది. అది పాత ఉన్నితో కలవదు, నాలుగు రోజుల్లో అతుకు ఊడి వస్తుంది. పాలమూరులో ఉన్న బావమరిది బాలయ్యకు గంగారాం ఫోన్ చేశాడు.

“ఈడ అన్నీ ఎర్ర గొర్లే బావా. కూరకే గానీ బొచ్చుకు పనికిరావు. నల్ల గొర్రెను జూసి శానేండ్లాయె.”

ప్రతీక్ష ఫోన్‌లో వెతికింది. “తాతా, మాల్షేజ్ ఘాట్ కొండ మీద నల్ల గొర్లున్నయి. ‘ఒక్కరోజు గొర్రెల కాపరి’ అని టూర్ ఉంది. నాష్తా గూడ వాళ్లదే.”

“కురుమోడు టికెట్ గొని గొర్లు కాయవోవుడా,” అంది బాలమ్మ.

గురువారం తెల్లవారగానే గంగారాం, ప్రతీక్షలతో కలిపి నలభై మందితో బస్సు కదిలింది. ఘాట్ ఎక్కుతుంటే కొండల మీంచి మంచు జారుతోంది. జనమంతా కిటికీల వైపు వంగి ఫోటోలు తీసుకున్నారు. గంగారాం మాత్రం ముందు సీటు కవరు చిరుగు చూస్తూ కూర్చున్నాడు. దాన్ని ఎవరో అడ్డదిడ్డంగా కుట్టారు.

కొండ మీద రితేశ్ అనే కుర్రాడు అందరికీ తలపాగా, కర్ర, ఈల ఇచ్చాడు. షాంపూతో కడిగిన నల్ల గొర్రెలను వదిలాడు. అవి ఒక్కసారిగా మీదికి రాగానే గంగారాం బల్ల ఎక్కేశాడు. కర్ర పట్టుకునే పరీక్షలో తప్పాడు. ఈల వేసే పరీక్షలో ఊదిందంతా గాలే. ‘కాపరిగా ఇంకా సాధన అవసరం’ అని రితేశ్ సర్టిఫికెట్ రాసిచ్చాడు.

“సరిగ్గానే రాసిండు,” అని గంగారాం దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం యంత్రంతో ఉన్ని కత్తిరించారు. వీడియో కోసం అందరూ ఆ ఉన్నిని మంచులా పైకి ఎగరేశారు. గొర్రెలను కౌగిలించుకున్నారు. మిగిలిన ఉన్నిని ఊడ్చి గోతిలో పోస్తుంటే గంగారాం గుప్పెడు అడిగాడు.

“కుదరదు అంకుల్,” అన్నాడు రితేశ్ హిందీలో. “ఇక్కడి చెత్త గేటు దాటకూడదు. కొండ పాడవుతుంది. జ్ఞాపకంగా ఇది తీసుకోండి.”

చిన్న గాజు సీసాలో నల్లటి ఉన్ని. గంగారాం ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించాడు. పూసలా కరిగింది.

“ప్లాస్టిక్ గదా ఇది.”

“అవును అంకుల్. అసలుది వాసన వస్తుందని ఎవరూ తీసుకోరు.”

గేటు దగ్గర కాపలావాడు సంచులు, జేబులు వెతికాడు. గంగారాం రుమాలులో దాచుకున్న కాసింత ఉన్నినీ తీసి గోతిలో వేశాడు.

బస్సెక్కి తల దించుకుని కూర్చున్నవాడు కాసేపటికి తలెత్తాడు. ఎదురుగా, ముందు సీటు దగ్గర నిలబడి సంచి సర్దుకుంటున్న అతుల్ అనే ఆయన వీపు. బోరివలీ నుంచి వచ్చాడు. ఎర్ర స్వెట్టర్ అంటుకున్న ఉన్నితో నల్లగా మారిపోయింది. గొర్రెను నాలుగుసార్లు కౌగిలించుకున్నది ఆయనే. గంగారాం జేబులోంచి దువ్వెన తీశాడు.

“సాబ్, మీ వీపు ఒకసారి దువ్వుకోవచ్చా?”

అతుల్ ఆయన్ని పైకీ కిందికీ చూశాడు. ప్రతీక్ష గొంగడి సంగతంతా చెప్పింది. అతుల్ వీపు గంగారాం వైపు తిప్పి నిలబడ్డాడు.

తర్వాత వరస కట్టారు. శాలువ కప్పుకున్నావిడ ముందు తనదే కావాలంది. ఒకాయన సాక్సులు విప్పి ఇచ్చాడు. “ఎడమవైపు జలపాతం,” అని గైడ్ మైకులో చెబితే ఎవరూ చూడలేదు. చివరికి మైకు పక్కన పెట్టి ఆయన కూడా వచ్చి వీపు చూపించాడు. ఘాట్ దిగేసరికి గంగారాం ఒడిలోని రుమాలు నిండింది.

ఒక్క రాత్రి కూడా వృథా చేయలేదు. ఎర్ర పోగులు, తల వెంట్రుకలు, చిప్స్ ముక్కలు ఏరేసి, ఉన్నిని తొడ మీద పేని దారం చేశాడు. పాత నేతలో ఒక పోగు పైకి, ఒకటి కిందికి దూర్చుతూ శనివారం సాయంత్రానికి చిల్లు పూడ్చాడు. చింతగింజల గంజి పట్టించి, గులకరాయితో రుద్ది ఆరబెట్టాడు.

ఆదివారం చాల్ వరండాలో గొంగడి పరిచారు. బస్సులోని వాళ్లలో పదిహేడు మంది, ప్రతీక్ష మాటల్లో విన్న గల్లీ వెతుక్కుంటూ, పిలవకుండానే వచ్చారు. అందరికంటే ముందు అతుల్.

“నాది ఎక్కడ?” అన్నాడు గొంగడి చుట్టూ తిరుగుతూ.

“అటెనకకు జరుగుండ్రి,” అని బాలమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. కాల్చింది తనే కాబట్టి చోటు బాగా గుర్తుంది. అరచేత్తో రాసింది. కళ్లు మూసుకుని మళ్లీ రాసింది. రెండో అంచు దాకా వెళ్లి తిరిగొచ్చింది.

“గంగారామా, ఏడుండె అది?”

గంగారాం వంగి చూశాడు. అద్దాలు పెట్టుకుని ఇంకోసారి చూశాడు.

“ఈడనే ఉండాలె.”

బాలమ్మ లేచి చేతులు దులుపుకుంది. “కూసో బిడ్డా,” అంది ప్రతీక్షతో.

అతుల్ గొంగడి ఇంకో కొసను ఫోటో తీసుకుని, ఇదే నాది అని పక్కవాళ్లకు చూపిస్తూ భోజనాల వరసలోకి వెళ్లాడు.