విమానానికి మా అవ్వ పూచీ

ఆ కాలంలో ధర్మవరంలో సొంత కారు ఉండడం గొప్పే, కానీ ఆ కారు నడిబజార్లో ఆగిపోతే ఊరికంతా పండగ. కారున్నవాళ్లను చూసి కుళ్లుకున్నవాళ్లు తక్కువ. ఆగిన కారును నలుగురితో కలిసి తోసి, "ఏమప్పా, ఇంతకంటే బస్సు నయం గదా" అని ఒక మాట అంటించి, చేతులు దులుపుకొని పోయినవాళ్లే ఎక్కువ. ఇప్పుడు బండి ఆగితే ఫోన్ చేసి నీడన కూర్చుంటాం. అప్పుడు బండి ఆగితే మన తెలివి, మన పరువు, మన ఇంటి సంగతులు అన్నీ ఒకేసారి రోడ్డు మీదికొచ్చి నిలబడేవి. ఎనభైలు మొదలైన కొత్తలో మా ఇంటికి అట్లాంటి కారొకటి వచ్చింది. నాకప్పుడు ఇరవై దాటింది. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, నోరు మాత్రం పూర్తిగా వచ్చేసింది.

మా నాయన పట్టుచీరల వ్యాపారం చేసేవాడు. మగ్గాల దగ్గర చీరలు తీసుకొని పెనుకొండ, హిందూపురం అంగళ్లకు వేసేవాడు. రాకపోకలన్నీ బస్సులోనే. ఒకసారి బస్సు టాపు మీద ఎవరిదో నూనె డబ్బా కారి, మా చీరల మూట మీద పడింది. పెండ్లికూతురు కట్టుకోవాల్సిన చీర బజ్జీలు చుట్టిన కాగితం మాదిరి తయారైంది. ఆ రాత్రి నాయనకు ముద్ద దిగలేదు. ఆ బాధలోనే బెంగళూరు పోయి పాత కారొకటి కొనుక్కొచ్చినాడు. ఆకాశం రంగు. యాడో విదేశంలో పుట్టింది. వెనక రెండు పక్కలా రేకులు రెక్కల మాదిరి పైకి లేచి ఉండేవి. (అమ్మినాయన మా నాయనకు దగ్గరుండి దోసెలు పెట్టించి, సందు చివరిదాకా వచ్చి సాగనంపినాడట. అమ్మేవాడికి అంత సంతోషం ఎందుకని నాయనకు అప్పుడే అనుమానం రావాల్సింది.) అది మా వీధిలోకి దిగిన రోజే పిల్లలు దానికి 'ఇమానం' అని పేరు పెట్టినారు. పొగ, చప్పుడు, వణుకు అన్నీ విమానానివే. ఎగరడం ఒక్కటే బాకీ.

ఆ జాతి కారును విప్పి మళ్లీ బిగించగలిగినవాడు మా చుట్టుపక్కల ఒక్కడే ఉండేవాడు. హిందూపురంలో షెడ్డు. మాటకు ముందు ఒక గ్యారంటీ, మాట తర్వాత ఒక గ్యారంటీ అనేవాడు కాబట్టి అందరికీ గ్యారంటీ అన్న. కారు చూపించడానికి నాయనా నేనూ పోతే, దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మనిషి పోయినప్పుడు చేసే మాదిరి నిట్టూర్చి, "అన్నా, ఈ బండికి ఒకటే దారి. ఏడాది కాంట్రాక్టు. దుడ్లు మొత్తం ముందే కట్టేయ్. ఇంక ఏమి చెడినా నాదే పూచీ. నువ్వు నిమ్మళంగా నిద్రపో, గ్యారంటీ" అన్నాడు. నాయన చెయ్యి అప్పుడే జేబు వైపు పోతోంది. నేను ఊరుకోలేదు.

"ఏడాదంతా ఏమీ చెడకుంటే, అన్నా?"

"నీ అదృష్టం అమ్మా."

"మరి దుడ్లు?"

"అవి నా అదృష్టం."

"బండి పెనుకొండకాడ ఆగిపోతే?"

"ఈడికి తోలుకొని రా. గ్యారంటీగా చేసిస్తా."

"ఆగిపోయిన బండిని తోలుకొని ఎట్ల వస్తాం?"

షెడ్డులో పిల్లలు కిసుక్కున నవ్వినారు. గ్యారంటీ అన్న ముఖం గంటుపెట్టుకొని, నన్ను వదిలేసి నాయన వైపు తిరిగి, "ఆడపిల్లకు ఇంజిన్ సంగతులు ఏంటికన్నా? ఇంటికాడ వదిలి రాకూడదా?" అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉండింటే బహుశా నాయన కట్టేసేవాడు, నేనూ మరిచిపోయేదాన్ని. అన్నాడు కాబట్టి, "మా బండికి మేమే పూచీ పడతాం. పా నాయనా" అని కారెక్కి తలుపు గట్టిగా వేసినా. పిడి ఊడి చేతికొచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకొని, తల తిప్పకుండా, ధర్మవరం దాకా అట్లే కూర్చున్నా.

ఇంటికొచ్చినాక అసలు పంచాయితీ మొదలైంది. నాది ఒకటే వాదన. ఆయనకు కట్టేదేదో మనమే పక్కన పెడదాం. చెడితే అందులోంచి తీద్దాం, చెడకుంటే మనదే. చిన్నచిన్న రిపేర్లు నేనే నేర్చుకుంటా. నాయనకు ఇది విన్నంతసేపూ బాగుండేది, తర్వాత భయం పట్టుకునేది. "ఒకేసారి పెద్దదేదైనా పగిలితే ఏం చేస్తావు పాపా? కాంట్రాక్టు ఉంటే ధైర్యం గదా?" అనేవాడు. ఇంకో భయం కూడా ఉండేది, దాన్ని గొంతు తగ్గించి చెప్పినాడు: "పక్కన పెడితే అవి పక్కన ఉండవు మే. ముడిపట్టు రేటు దిగిందంటే నేనే తీసి కొనేస్తా. నా సంగతి నాకు తెలుసు." అంతసేపూ గోడకానుకొని వక్క కొరుకుతున్న మా అవ్వ, అంటే నాయన తల్లి, అప్పుడు నోరు విప్పింది. "నాకాడ పెట్టు. ఎవుడు తీస్తాడో నేను చూస్తా." నాయన దుడ్లు తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టినాడు. అవ్వ నడుముకు ఒక గుడ్డసంచి ఉండేది. అందులోకి పోయింది తాతకే ఏనాడూ తిరిగి దొరకలేదని మా ఇంట్లో చెప్పుకుంటారు.

అట్లా మా విమానానికి మా అవ్వ పూచీదారైంది. గ్యారంటీ అన్నను తప్పించుకున్నామని నేను సంబరపడినా కానీ, ఆయన్ను మించిన మనిషి చేతిలో పడ్డామని అర్థం కావడానికి ఎంతోకాలం పట్టలేదు. ఏది చెడినా ముందు అవ్వ విచారణ జరగాల. టైరు పోయిందంటే, "పోయిన నెల గుండ్రంగానే ఉండె గదా, ఏం చేసినారు దాన్ని?" అని అడిగేది. అద్దం తుడిచే పుల్ల విరిగిందంటే, "అనంతపురం జిల్లాలో వానలు యాడ కురుస్తాండాయి? కురిసిన రోజు చూద్దాంలే" అని సంచి ముడి బిగించేది. హారన్ మూగపోయినప్పుడు నేను చానా బతిమిలాడినా. "నీకు నోరుండాది గదా, ఇంట్లో వాడేదేదో ఆడ వాడు" అంది. ఆ రోజు నుంచి నాయన బండి నడిపితే, నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "జరగండప్పా! జరుగు తల్లీ! ఓ ఎనుములు తోలే అన్నా!" అని అరుచుకుంటూ పోయేదాన్ని. దారిలో సోమందేపల్లి అంగళ్లవాళ్లకు నా గొంతు ఎంత అలవాటైందంటే, బండి మలుపు తిరగకముందే సైకిళ్లు పక్కకు లాగేవాళ్లు.

రిపేర్లు మాత్రం నిజంగానే నేర్చుకున్నా. బస్టాండు పక్కన లారీలు బాగుచేసే చోట నిలబడి, చూసి, అడిగి, తిట్లు తిని నేర్చుకున్నా. ఓణీ నడుముకు బిగించి బానెట్ ఎత్తితే చాలు, జనం గుంపు కట్టేవాళ్లు. ఊదాల్సినవి ఊది, తుడవాల్సినవి తుడిచి మళ్లీ బిగించేదాన్ని. ప్రతిసారీ ఒక నట్టు మిగిలేది. (కంపెనీవాళ్లు ముందుచూపుతో అదనంగా వేసినారని నాయనకు చెప్పేదాన్ని. నాయన నమ్మినట్లు తల ఊపేవాడు.) ఏమైతేనేం, బండి నడిచింది. నడిచిన ప్రతి దినమూ గ్యారంటీ అన్న ముఖం తలుచుకొని నాకు కడుపు నిండిపోయేది.

ఇక అసలు సంగతి. హిందూపురంలో మా చీరలు తీసుకునే పెద్ద అంగడాయన ఒకరోజు కబురు పంపినాడు. మడకశిర వైపు నుంచి పెండ్లివాళ్లు వస్తున్నారు, పొద్దున్నే చీరలు చూసి తీసుకుంటారు, ఈసారి మీరు ఆలస్యం చేస్తే ఇంక మీకు మాకు కుదరదు అని. అంతకుముందు బండి ఆగి కొన్నిసార్లు ఆలస్యమైన మాట నిజమే. ఆ అంగడి పోతే మా వ్యాపారంలో సగం పోయినట్లే. నాయన తెల్లారకముందే చీరలు సర్దినాడు. బయలుదేరేటప్పటికి అవ్వ ముందు సీట్లో కూర్చొని ఉంది. "హారన్ లేకుంటే అంత కష్టమేందో నేనే చూస్తా" అంది. దించే ధైర్యం ఎవరికీ లేదు.

పెనుకొండ కొండ దాటినాం. నా కేకలతో సోమందేపల్లీ దాటినాం. హిందూపురం ఇండ్లు దూరంగా కనపడుతున్నాయనంగా బండి గట్టిగా ఉరిమి, ముందుకు మాత్రం కదలకుండా నిలబడిపోయింది. రబ్బరు కాలినట్లు వాసన. బానెట్ ఎత్తినా, చూసినా, ఊదినా, తుడిచినా. క్లచ్ ప్లేటు కాలిపోయిందని తెలుస్తూనే ఉంది, అది నా ఊదుడుకు లొంగే రోగం కాదనీ తెలుస్తూనే ఉంది. వచ్చే బస్సులన్నీ గంపలతో సహా కిటకిటలాడుతున్నాయి. చేతులెత్తినా ఒక్కటీ ఆగలేదు.

ఆగింది గ్యారంటీ అన్న జీపు. దిగి, మమ్మల్ని చూసి, కారును చూసి, నాయన నోట పెండ్లివాళ్ల సంగతి విని, తాడొకటి తీసి భుజానికి వేసుకొని నిలబడినాడు. "ఏమన్నా, ఇమానం ఈడ దిగిందే? కాంట్రాక్టు కట్టింటే ఈపాటికి లాక్కొని పోతాంటి. ఇప్పటికైనా మించిపోలేదు. కడతామని ఒక మాట చెప్పు, పెండ్లివాళ్ల ముందర దించుతా, గ్యారంటీ." తర్వాత నా వైపు తిరిగి, "ఏం మా, ఇంక ఒప్పుకున్నట్లేనా?" అన్నాడు.

 పంతం నాది, పోయేది నాయన వ్యాపారం. ఒప్పుకోమని నేనే చెప్పేద్దామని నోరు తెరిచినా. నాయన నా నూనె చేతుల వైపు చూసినాడు. అప్పటిదాకా ఏ విషయమూ గట్టిగా తేల్చని మా నాయన, "వద్దులేప్పా. మా పాప చెప్పినట్లే జరగనీ" అన్నాడు. అవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి, "నీ తాడు నీకాడనే పెట్టుకో నాయనా, దేనికన్నా పనికొస్తుంది" అంది. జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది.

ఆ దుమ్ము అణగకముందే, చేను దున్నడానికి ఎద్దుల జత తోలుకొని ఒక ముసలాయన వచ్చినాడు. తెల్ల గడ్డం, తల మీద టోపీ. నాయన ఆయన్ను చాచా అని పిలిచి సంగతి చెప్పినాడు. చాచా కారును, ఎద్దుల్ని, అవ్వను వరసగా చూసినాడు. "ట్రాక్టరొచ్చి నా ఎద్దుల పని పాయె అనుకుంటాంటి. కారునే లాగమంటే ఇంకేం కావాల మా ఎద్దులకు!" అని పగ్గాలు ముందు బంపరుకు కట్టినాడు. అవ్వను దిగమంటే దిగలేదు. "నేను దిగితే ఓడిపోయినట్లుంటుంది" అని కొంగు సర్దుకొని, నిటారుగా కూర్చుంది.

అట్లా మేము హిందూపురంలో అడుగుపెట్టినాం. ముందు మువ్వల ఎద్దులు, వెనక ఆకాశం రంగు విమానం, లోపల స్టీరింగ్ పట్టుకొని నాయన, పక్కన దర్బారుకు పోతున్నట్లు మా అవ్వ, వెనక సీట్లో చీరల మధ్య కిటికీలోంచి తల పెట్టి నేను. సిగ్గుపడాలో వద్దో కాసేపు ఆలోచించి, ఎట్లాగూ చూస్తున్నారు కదా అని, "జరగండప్పా! ఎద్దులకు బ్రేకుల్లేవు!" అని నా హారన్ మొదలుపెట్టినా. పిల్లలు వెంటపడినారు. హోటళ్లలోంచి కాఫీ లోటాలతో జనం బయటికొచ్చినారు. గ్యారంటీ అన్న షెడ్డు ముందర నుంచి పోయేటప్పుడు చాచా కావాలనే ఎద్దుల్ని నెమ్మది చేసినాడు.

అంగడి దగ్గర పెండ్లివాళ్లు చూసి చూసి విసిగి, లేచి చెప్పులేసుకుంటున్నారట. బయట ఇంత గోలేందని మెట్ల మీదికొచ్చి, కారును చూసి అట్లే నిలబడిపోయినారు. పెండ్లికూతురి మేనత్త నవ్వాపుకోలేక మెట్టు మీదనే కూలబడి, "ఇంత తంటాలు పడి తెచ్చినారంటే ఆ చీరలేవో చూడాల్సిందే" అని అందర్నీ మళ్లీ లోపలికి తోసింది. మధ్యాహ్నానికి మూటలో ఒక్క చీరా మిగల్లేదు. పెండ్లికూతురు తన చీరను నా చేతుల్లోంచే తీసుకుంటానని పట్టుబట్టింది. చేతులు కడుక్కోవడానికి నాకు అంగడాయన సబ్బు బిళ్ల మొత్తం ఖర్చయింది.

కారును మాత్రం చివరికి గ్యారంటీ అన్న షెడ్డుకే చేర్చక తప్పలేదు, ఇంకెవరికీ దాని గుట్టు తెలియదు కదా. నాకు అడగకుండా ఉండబట్టలేదు. "అన్నా, కాంట్రాక్టు ఉండింటే ఈ క్లచ్ ప్లేటు ఊరికే వేసేవాడివా?" గ్యారంటీ అన్న తల గోక్కున్నాడు. "అది అరిగే సామాను గదా మా. అరిగేవి కాంట్రాక్టులోకి రావు."

"మరి ఏమొస్తాయి?"

"అరగనివన్నీ వస్తాయి. గ్యారంటీ."

అవ్వ సంచి ముడి విప్పింది. ప్రతి బోల్టుకూ బేరమాడి, పాత ప్లేటు కూడా మాదేనని వెనక్కి తీసుకుంది. గ్యారంటీ అన్న చెమట తుడుచుకొని, "పెద్దమ్మా, నా షెడ్డులో వచ్చి కూర్చోరాదా? కాంట్రాక్టు కట్టినవాళ్లు రిపేరుకు వస్తే నీ మాదిరి కాదనేవాళ్లు నాకు దొరకడం లేదు" అన్నాడు. నిజంగానే అడిగినాడని నా అనుమానం.

అన్నిసార్లూ మేమే గెలిచినామని చెప్పను. మరుసటి ఎండాకాలం రేడియేటర్ పగిలినప్పుడు అవ్వ సంచి చాల్లేదు. విమానం దుప్పటి కప్పుకొని చానా రోజులు పెరట్లో పడుకుంది, మేము మళ్లీ బస్సెక్కినాం. వీధిలో అడిగినవాళ్లకు, "ఇంజిన్‌కు సెలవులిచ్చినాం" అని చెప్పినా. బాగయినాక ఇంకొన్నేళ్లు తిరిగింది. ఆఖరికి దాన్ని కొన్నాయనకు నాయన దగ్గరుండి దోసెలు పెట్టించినాడు.

ఆమధ్య ఫ్రిజ్ కొనడానికి మా అమ్మాయితో అంగడికి పోయినా. టై కట్టుకున్న కుర్రాడు, "మేడమ్, ఇంకొంచెం కడితే అయిదేళ్లు ఏం చెడినా మాదే బాధ్యత" అన్నాడు. "చెడితే మేం చూసుకుంటాం!" అని నా పాత హారన్ గొంతుతో అన్నా. అంగడంతా తిరిగి చూసింది. ఆ కుర్రాడు రెండడుగులు వెనక్కి వేసినాడు. "వద్దంటే సరిపోతుంది కదమ్మా, యుద్ధం ఎందుకు?" అని మా అమ్మాయి ఫ్రిజ్ వరకే దుడ్లు కట్టి, నా చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చింది. దారంతా నాకు నవ్వాగలేదు. ఆ ఫ్రిజ్ ఇంతవరకూ చెడలేదు. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో దాని ముందు నిలబడితే, ఇది ఒక్కసారి చెడితే బాగుండుననిపిస్తుంది. గోడ దగ్గర్నుంచి జరిపి, కొంగు నడుముకు దోపి, వెనకనున్న నట్లన్నీ విప్పి చూడాలని.