ఫైర్‌ప్లేస్ ముందు ఎవరో కొలిచారు

పిల్ల మీద ఒట్టు వేయమని మాత్రం అడక్కండి. అలాంటి ఒట్లు నేను వేయను. కానీ ఇది జరిగింది. ఫ్రిస్కోలో, మా ఇంట్లో, ఇదిగో మీరంతా కూర్చున్నారే... ఈ హాల్లోనే. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది.

అప్పుడు మా పాపకి మూడో నెల. టెక్సస్‌లో చలి తుఫానంటే తెలుసుగా, మెత్తటి మంచు కాదు, ఐస్. చెట్లు, కార్లు, తీగలు... అన్నిటికీ గాజు పూత పూసినట్టు ఉంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. హీటర్ ఆగిపోయింది. మా ఆయన ఆఫీసు పని మీద వెళ్లి, ఫ్లైట్లు క్యాన్సిలై డెన్వర్ ఎయిర్‌పోర్ట్‌లో ఇరుక్కుపోయాడు. ఇంట్లో నేను, పాప, మా అత్తయ్య. అంతే.

చీకటి పడేసరికి ఇల్లు ఫ్రిజ్ అయిపోయింది. పాప ముక్కు ముట్టుకున్నాను. చల్లగా... నా ప్రాణం పోయినంత పనైంది. మూడు నెలల పిల్ల, రాత్రంతా ఈ చలికి తట్టుకుంటుందా? కారు తీద్దామంటే రోడ్డు అద్దంలా ఉంది. మా ఆయనకి ఫోన్ చేశాను.

"గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉందిగా! దానికి కరెంటు అక్కర్లేదు. పైలట్ ఆరిపోయి ఉంటుంది, అది వెలిగిస్తే చాలు. కింద ప్యానెల్ తీస్తే స్టిక్కర్ ఉంటుంది, అందులో ఉన్నట్టు చెయ్. తొందరపడకు, నీ తొందర నాకు తెలుసు."

"ఎయిర్‌పోర్ట్‌లో కూర్చుని ఎన్నయినా చెప్తావ్," అని పెట్టేశాను. ఫోన్లో ఛార్జింగ్ కూడా అయిపోవస్తోంది.

పైలట్ అంటే లోపల ఓ మూల వెలుగుతూ ఉండే చిన్న నీలి మంట. అది ఉంటేనే పెద్ద మంట అంటుకుంటుంది. మేం ఆ ఫైర్‌ప్లేస్ వాడిందే లేదు, అదెప్పుడు ఆరిందో ఎవరికి తెలుసు?

వెలగగానే వెచ్చగా ఉంటుందని పాప ఉయ్యాల తొట్టిని దాని ముందుకి లాక్కొచ్చాను. నాకు అప్పటికే పడిశం. అత్తయ్య నా ముక్కు కింద ఇంత బామ్ పట్టించి, "నువ్వు మంట సంగతి చూడమ్మా, నేను పైన దుప్పట్లు ఎక్కడున్నాయో చూస్తా," అని మెట్లెక్కారు. నేను బ్యాటరీ లైటు పెట్టుకుని ప్యానెల్ లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. లోపల ఏదో టక్‌మంది... ప్యానెల్ ఊడొచ్చింది. ఆ చప్పుడు నేను పట్టించుకోలేదు.

స్టిక్కర్ చదివాను. నాబ్‌ని ఆఫ్‌కి తిప్పాలి. ఐదు నిమిషాలు ఆగాలి. చుట్టూ, నేల దగ్గర కూడా, వాసన చూడాలి. గ్యాస్ వాసనొస్తే ఏదీ ముట్టుకోకుండా బయటికి వెళ్లిపోవాలి. రాకపోతేనే నాబ్‌ని పైలట్‌కి తిప్పి, నొక్కిపట్టి, ఎర్ర బటన్‌తో నిప్పురవ్వ తెప్పించాలి.

అన్నీ బుద్ధిగా చేశాను. నేలకి ముక్కు ఆనించి మరీ వాసన చూశాను. బామ్... అంతా బామే.

ఇక ఐదు నిమిషాలు ఆగాలి. ఫోన్ చూడటం దేనికని నోటితో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కిటికీ మీద ఐస్ పలుకులు రాలుతున్నాయి. టిక్... టిక్... పసిపిల్ల తల్లిని, నిద్ర ముఖం చూసి ఎన్నాళ్లయిందో. నా లెక్క నాకే జోలపాటలా ఉంది. ఎక్కడో తప్పాను. ఆగాను.

లెక్క మాత్రం ఆగలేదు.

"లాభం... రెండు... మూడు..."

మీ ఇళ్లలో పెద్దవాళ్లు బియ్యం కొలుస్తుంటే చూశారా? మొదటి కొలతని ఒకటి అనరు. లాభం అంటారు. మా అత్తయ్య కుక్కర్లోకి గ్లాసుతో పోసినా అంతే. సరే, పైన ఏదో లెక్కపెడుతున్నారు కాబోలు అనుకున్నాను.

కానీ అది పైనుంచి రావట్లేదు. నా ఎదురుగా... ఆ అద్దం వెనకాల... ఉత్తుత్తి కట్టెలు పేర్చి ఉన్నచోటు నుంచి వస్తోంది. పొడిగా, తీరిగ్గా. ఆడగొంతో మగగొంతో చెప్పలేను. ఒక్కో అంకె తర్వాత సన్నగా... సుయ్‌య్... గింజలు జారినట్టు.

ఐదు నిమిషాలు అయ్యే ఉంటాయిలే అని ఎర్ర బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాను.

"లాభం..."

మళ్లీ మొదటికొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రెండు... మూడు... సుయ్‌య్... నాలుగు... మళ్లీ చెయ్యి చాచాను. "లాభం..." ఎన్నిసార్లు అలా జరిగిందో అడక్కండి. నాకు భయం వేయలేదు. నిజంగా. అది తలుచుకుంటేనే ఇప్పుడు భయం. హాయిగా ఉంది. చలి ఎటో పోయింది. బయటి ఐస్ వెలుతురు గోడల మీద నీళ్లలా కదులుతోంది. ఎన్నో ఏళ్లుగా అక్కడే కూర్చున్నాను, ఇంకెన్నేళ్లయినా కూర్చోవచ్చు అనిపించింది. పాప వంక చూశాను. కళ్లు తెరుచుకుని ఉంది. ఏడవట్లేదు. నన్ను చూడట్లేదు... ఆ అద్దాన్ని చూస్తోంది.

"ఓసినీ! ఏంటే ఆ కంపు! గ్యాస్! గ్యాస్! లే అమ్మాయ్!"

అత్తయ్య మెట్ల మీద దుప్పట్లు పడేసి పరిగెత్తుకొచ్చారు. పాపని చంకనేసుకున్నారు. నేనేమో, "ఉండండత్తయ్యా, లెక్క అవ్వలేదు," అన్నానట! ఆవిడ నా జడ పట్టుకుని లేపారు. జడ పట్టుకున్నందుకు ఏ కోడలైనా అత్తగారికి రుణపడి ఉందంటే అది నేనే.

ఐస్ మీద జారుతూ పడుతూ పక్కింటికి చేరి, వాళ్ల ఫోన్ నుంచి గ్యాస్ కంపెనీకి చేశాం. గ్యాస్ పసిగట్టే మీటర్ పట్టుకుని ఒకతను వచ్చాడు. ప్యానెల్ వెనక పైపు జాయింట్ విరిగిందట. "బటన్ నొక్కారా?" అని అడిగాడు. లేదన్నాను. అతను తలుపులోంచి ఆ తొట్టి వంక చూశాడు. తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నొక్కి ఉంటే ఏమయ్యేదో నాకు అప్పుడు అర్థమైంది.

మా ఆయన ఇంటికొచ్చాక అంతా విని, "గ్యాస్ తలకెక్కిందే నీకు. ఆ సుయ్‌మన్నది లీకే," అన్నాడు.

"సరే, సుయ్‌మన్నది లీకే. లాభం అన్నదెవరు?"

పైన నోరే మెదపలేదని అత్తయ్య దేవుడి ముందు నిలబడి చెప్పారు. "ఎవరో పెద్దవాళ్లమ్మా. నీ చెయ్యి ఆ బటన్ మీద పడనివ్వలేదు. పిల్లని కాపాడారు," అని కొబ్బరికాయ కూడా కొట్టారు. నేనూ అదే నమ్మాను. కొన్నాళ్లు.

ఆ జాయింట్ బాగుచేశారు. ఆ ఫైర్‌ప్లేస్ ఇప్పుడు బాగానే వెలుగుతుంది, మీరే చూస్తున్నారుగా. నాకే ఓ రోజు పాపని నిద్రపుచ్చుతుంటే తట్టింది. ఆ గొంతు నన్ను బటన్ నొక్కనివ్వలేదు, నిజమే. లేవనివ్వలేదు కూడా. నా పిల్లతో సహా, ఆ గ్యాస్‌లో, హాయిగా కూర్చోబెట్టింది.

కొలిచేవాళ్లు రెండు రకాలు కదా... మనకి పోసేవాళ్లు, మన దగ్గర్నుంచి పట్టుకెళ్లేవాళ్లు. ఇద్దరూ లాభం అనే మొదలుపెడతారు.

దండం పెడదామని ఎన్నోసార్లు చేతులెత్తాను. ఎవరికి పెడుతున్నానో తెలియక దించేశాను.