అయిదో మనిషి

మా బావ పధ్నాలుగేళ్లలో పదకొండు క్లబ్బులకు బాస్కెట్‌బాల్ ఆడాడు. ఏ క్లబ్బూ ఆయన ఫొటో గోడకు తగిలించలేదు. బెంచీ మీద తొమ్మిదోవాడు, ఎవరి చీలమండైనా మడతపడితే ఎనిమిదోవాడు. ఎడమచేతివాటం మనిషి కాబట్టి ఎక్కడికి వెళ్లినా ‘పుర్రచెయ్యి’ అనే పిలిచేవారు. ఆయన గురించి ఎవరిని అడిగినా, పాపం, ఎంత ఓర్పో అంటారు. ఓర్పూ కాదు, గాడిదగుడ్డూ కాదు. అది పగ. నా ఒంటికి కూడా అంటుకుంది కాబట్టి ఆ కథ నేను చెబితేనే సరిగ్గా ఉంటుంది.

మొదటి క్లబ్బులో చేరేనాటికి బావకు ఇరవై మూడేళ్లు. ప్రింటింగ్ ప్రెస్సు పైన గది. కింద యంత్రం తిరిగితే పైన మంచం కదిలేది. ప్రెస్సువాళ్లు పారేసిన క్యాలెండర్ కాగితాలు ఏరుకొచ్చి, వాటి వెనక ఆట ఎత్తులు గీసుకోవడం ఆయన పిచ్చి. ఒకరోజు ప్రాక్టీసుకు ముందు డ్రెస్సింగ్ రూములో కూర్చుని ఒక కొత్త ఎత్తు గీస్తున్నాడు. ఇద్దరు పొడవాటివాళ్లు రింగు ముందు భుజం భుజం ఆనించి, తలుపు రెక్కల్లా నిలబడతారు. మూడోవాడు బంతితో దూరంగా పక్కన ఉంటాడు. రెక్కలు ఒక్కసారిగా విడిపోగానే నాలుగోవాడు వెనకనుంచి ఆ సందులోకి దూసుకొస్తాడు, మూడోవాడు కన్నెత్తి చూడకుండానే అక్కడికి బంతి విసురుతాడు. జట్టులో ఆడేది అయిదుగురు. బావ నలుగురిని గీసి అయిదో చుక్క పెట్టబోతుండగా కోచ్ వచ్చి కాగితం లాక్కున్నాడు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు. బాగుంది, నా దగ్గర ఉంటుందిలే అన్నాడు.

నెల తిరక్కుండా ఆ ఎత్తు ‘తలుపు’ అన్న పేరుతో మ్యాచ్‌లు గెలిపించడం మొదలుపెట్టింది. పొద్దున గడ్డం గీసుకుంటుంటే తట్టిందని కోచ్ పేపరువాళ్లకు చెప్పుకున్నాడు. బావ వెళ్లి, అది నేను గీసిందే కదండీ అని అడిగాడు. మర్నాడు గేటు దగ్గర స్టోరుకీపరు ఆయన బూట్లు ప్లాస్టిక్ సంచిలో పెట్టి చేతికిచ్చాడు. లోపలికి పంపొద్దన్నారని నేలకేసి చూస్తూ చెప్పాడు. సరిగ్గా అప్పుడే కోచ్ కారు గేటు దాటుతోంది. అద్దం దించి, "నీలాంటివాళ్లు ప్రతి వీధిలోనూ దొరుకుతారయ్యా," అన్నాడు.

ఆ ఒక్కమాటను బావ పధ్నాలుగేళ్లు నమిలాడు. ఆ కోచ్‌ను పేరు పెట్టి పిలవడం మానేసి ‘కళ్లజోడు’ అనడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాతి బతుకంతా పెట్టెతోనే. ఒకచోట ఒక సీజను, ఇంకోచోట పది వారాలు, దెబ్బతగిలినవాడు లేచి నడవగానే మనవాడికి నమస్కారం. అద్దెగదుల్లో మంచాలన్నీ మామూలు మనుషుల కొలతకు చేసినవే. అందుకని మంచం కొసకు పెట్టె ఆనించి, దాని మీద పాదాలు పెట్టుకుని పడుకునేవాడు. మేజోళ్లు సింకులో ఉతికి కిటికీ చువ్వలకు ఆరేసేవాడు. ఖాళీ దొరికితే చాలు, మోకాళ్లకు ఐసు సంచులు కట్టుకుని కళ్లజోడు జట్టు మ్యాచ్‌లు టీవీలో చూసేవాడు. ఆటలో ఆ ‘తలుపు’ తెరుచుకున్నప్పుడల్లా ఆయన పెదవి ఒక పక్కకు వంగేది. బాధ కాబోలు అనుకునేవాణ్ణి. అది నవ్వని చాలా ఆలస్యంగా తెలిసింది.

మా క్లబ్బులో మాత్రం మూడేళ్లున్నాడు. అప్పట్లో నేనూ అక్కడే ఆడేవాణ్ణి. మొదటి ఏడు ఒకసారి భోజనానికి ఇంటికి తీసుకెళ్తే ఆయన తల ద్వారబంధానికి గుద్దుకుంది. మా అక్క పకపకా నవ్వింది. నుదుటి బొప్పి తగ్గేలోపే ఇంకో రెండుసార్లు భోజనానికొచ్చాడు, ఆర్నెల్లలో పెళ్లయింది. కాగితం సంగతి నాకు అప్పుడే చెప్పాడు. ఆ కళ్లజోడు నలుగురిలో తలదించుకోవాలి, అది కళ్లారా చూశాకే బూట్లు విప్పుతానన్నాడు. నేను చేతిలో చెయ్యి వేశాను.

మూడో ఏడు సెమీఫైనల్లో కళ్లజోడు జట్టే ఎదురైంది. మేం ఒక పాయింటు ముందున్నాం, ఆట ఇంకా ఆరు సెకన్లుంది. అవతలి కోచ్ కళ్లజోడు తీసి తుడిచాడు. తలుపుకు అదే సైగ. అందరికీ తెలిసినా పొగరుకొద్దీ ఏనాడూ మార్చలేదు. బావా నేనూ ఇద్దరం ఆటలోనే ఉన్నాం, దూసుకొచ్చేవాణ్ణి ఆపాల్సింది నేను. ఆ రెండు రెక్కల మధ్య చిక్కుకుని వెల్లకిలా పడ్డాను, వాడు నన్ను దాటి రింగులో వేశాడు. మర్నాడు పేపర్లో నేను నేలమీద ఉన్న ఫొటో, కింద ‘తలుపు దగ్గర పడుకున్న కాపలాదారు’ అని రాశారు. ఆ వేసవిలో క్లబ్బు మూతపడింది. మిగతావాళ్లకు ఎక్కడో ఒకచోట చోటు దొరికింది. నన్ను చూస్తే మాత్రం అందరికీ ఆ ఫొటోయే గుర్తొచ్చేది. ఇరవై తొమ్మిదేళ్లకు ఆట మానేసి టైర్ల షాపు పెట్టుకున్నాను. బావ వచ్చి భుజం తట్టి, దిగులుపడకు, మన రోజూ వస్తుందన్నాడు.

వచ్చింది, ఎనిమిదేళ్లకు. ఈ సీజనుతో తప్పుకుంటున్నానని కళ్లజోడు ప్రకటించాడు. బావకు అప్పుడు ముప్పై ఏడు, మెట్లు దిగితే కుడి మోకాలు కిర్రుమనేది. అయినా ఫైనల్ దాకా వెళ్లేలా ఉన్న ఒక జట్టు ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. పన్నెండోవాడిగానైనా తీసుకోమని కాళ్లావేళ్లా పడ్డాడు. ఆయన ఎవరి ముందైనా అంతలా వంగడం నేను చూడలేదు. చివరికి తీసుకున్నారు. ఫైనల్ కళ్లజోడు సొంత హాల్లో పడింది. వీడ్కోలు బ్యానరు కట్టారు, మైకు సిద్ధంగా పెట్టారు. అక్కా నేనూ మూడో వరసలో కూర్చున్నాం.

ఆట ఆఖరికి బావ జట్టు ఒక పాయింటు ముందుంది. ఒకడు అయిదు ఫౌళ్లయి బయటికెళ్లాడు, ఇంకొకడికి పిక్క పట్టేసింది. బెంచీ మీద మిగిలినవాళ్లు అప్పటికే దెబ్బలతో ఉన్నారు. గత్యంతరం లేక పుర్రచేతిని దింపారు. ఏడు సెకన్లుండగా అవతలి కోచ్ కళ్లజోడు తీసి తుడిచాడు. రెక్కలు దగ్గరికొచ్చాయి. బావ తను కాయాల్సిన మనిషిని గాలికొదిలేసి, తీరిగ్గా నడిచి, ఫ్రీత్రో గీత ఎడమ కొసన ఎవరూ లేనిచోట నిలబడ్డాడు. సొంత కోచ్ జుట్టు పీక్కుంటున్నాడు. రెక్కలు విడిపోయాయి. అవతలివాడు అలవాటు ప్రకారం చూడకుండా విసిరేశాడు. బంతి తిన్నగా వచ్చి బావ ఎడమచేతిలో పడింది.

గంట మోగేదాకా దాన్ని పొట్టకు హత్తుకునే ఉన్నాడు. తర్వాత కుంటుకుంటూ వెళ్లి అవతలి కోచ్ చేతిలో పెట్టాడు. హాలంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే మాకూ వినిపించింది.

"అక్కడ అయిదోవాడు ఉండాలండీ. మీరు గీయనివ్వలేదు."

కోచ్ ఆ గీత కొసనే చూస్తూ నిలబడ్డాడు. మెల్లగా తల దించుకున్నాడు. వీడ్కోలు మాటలేవీ చెప్పకుండానే వెళ్లిపోయాడు. నాకు కడుపు నిండిపోయింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, లేచి నిలబడి ఈల వేశాను.

మర్నాడు పొద్దున అక్క వంటింట్లో కూర్చున్నాం. బావ పేపరు అంచున పాత బొమ్మ మళ్లీ గీసి అయిదో చుక్క పెట్టాడు. బంతి ప్రతిసారీ ఆ చుక్క మీదుగానే వెళుతుందట. సొంత జట్టువాడొకడు అక్కడ కాపలా ఉంటే మధ్యలో ఎవరూ అందుకోలేరు. కాగితం మీద లేడు కాబట్టి కళ్లజోడు అయిదోవాణ్ణి ఊరికే ఒక మూలన నిలబెట్టాడట. ఆ కన్నం తనకు మొదటిరోజునుంచీ తెలుసని గర్వంగా చెప్పాడు.

నేను ఆ చుక్కనే చూస్తున్నాను. సెమీఫైనల్ రోజు బావ దానికి రెండడుగుల దూరంలో ఉన్నాడు.

"మన సెమీఫైనల్ నాడు కూడా తెలుసా బావా?"

అక్క గిన్నె తోమడం ఆపింది. బావ పెన్నుకు మూత పెట్టాడు.

"ఆ రోజు కదిలుంటే వారంలో సరిచేసుకునేవాడురా. సెమీఫైనల్ పోతే ఆయనకేం, మళ్లీ ఏడాది ఉంటుంది. దాని తర్వాత ఇక మ్యాచే లేని మ్యాచ్ కావాలి నాకు."

"నాకు అదే ఆఖరి మ్యాచ్ బావా."

"నీకలా అవుతుందనుకోలేదురా," అన్నాడు. అబద్ధం కాదు. నా గురించి ఏమీ అనుకోనేలేదు.

నెల తర్వాత, బావ ఫైనల్ ఆడిన క్లబ్బు సెక్రటరీ టైరు మార్పించుకోవడానికి మా షాపుకొచ్చాడు. పుర్రచేతికి జూనియర్ జట్టు కోచ్ పని ఇద్దామనుకుంటున్నాం, నువ్వు కలిసి ఆడావు కదా, మనిషి ఎలాంటివాడని అడిగాడు. ఆ ఉద్యోగం ఇస్తామనే ఫోను కోసం బావ అన్నం దగ్గర కూడా ఎదురుచూస్తున్నాడని అక్క నాకు చెప్పింది. నేను చివరి నట్టు బిగించి చేతులు తుడుచుకున్నాను.

"ఆట ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదండీ. కానీ తన పగ కోసం జట్టును ఓడిపోనిస్తాడు. నన్ను ఓడిపోనిచ్చాడు."

జరిగిందంతా చెప్పాను, ఒక్క ముక్క కల్పించలేదు. ఫోను రాలేదు.

ఇప్పుడు బావ నా షాపులోనే పనిచేస్తున్నాడు. అక్క అడిగితే కాదనలేకపోయాను. ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూసి పంక్చరు వేస్తాడు. కన్నం కనిపెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు, ఆ ఉద్యోగం ఎందుకు తప్పిపోయిందంటావురా, ఎవరైనా అడ్డుపడ్డారా అని అడుగుతుంటాడు. ఏమో బావా అంటాను. ఏదో ఒకరోజు చెబుతాను. ఆయన పధ్నాలుగేళ్లు దాచుకున్నాడు, నాకు ఇంకా మొదటి ఏడే.