పొయ్యి బాబాయి ఒడ్డుకు దిగిన రోజు

మా ఓడలో వంటాయన్ని అందరం పొయ్యి బాబాయి అనేవాళ్లం. ఇంజను గదిలో నూనె పోసే నాకూ, పైన తాళ్లు లాగేవాళ్లకూ, ఆఖరికి ఆయనకంటే పెద్దవాడైన వడ్రంగికీ ఆయన బాబాయే. డ్యూటీ దిగి ఆలస్యంగా వచ్చినవాడి పళ్లెం ఎప్పుడూ పొయ్యి పక్కన మూతేసి ఉండేది. "చల్లారితే నన్ను తిట్టుకుంటావని పెట్టాన్లే, నీ మీద ప్రేమేం కాదు" అనేవాడు. సముద్రం అల్లకల్లోలమై నాకు పేగులు నోట్లోకొచ్చిన రోజుల్లో గంజి తెచ్చి ఎదురుగా కూర్చుని, గ్లాసు ఖాళీ అయ్యాకే లేచేవాడు. దేవుడు కొందరి చేతికి గరిటె ఊరికే ఇవ్వడు.

అలాంటి మనిషి ఏ రేవులోనూ ఒడ్డుకు దిగి ఎరగడు. రేవంటే మాకు సెలవు, ఆయనకు రెట్టింపు చాకిరీ. తాజా కూరలూ చేపలూ ఓడెక్కేది అప్పుడే. ఊరి పెద్దలను కెప్టెన్ గారు విందుకు పిలిచేదీ అప్పుడే. మేం తలలు దువ్వుకుని పడవెక్కుతుంటే ఆయన వంటగది కిటికీలోంచి చెయ్యూపేవాడు. దేశదేశాలన్నీ ఆ కిటికీలోంచే చూశాడు.

ఈసారి నేల కనబడకుండా వారాల తరబడి తిరిగాం. ఉల్లిపాయలు అయిపోయాయి, ఓపికలూ అయిపోయాయి. దూరాన దీవి గీతలా కనిపించగానే బాబాయి కత్తి కింద పెట్టాడు.

"ఈసారి నేనూ దిగుతానురా. ఎవరో వండింది, ఎవరో వడ్డిస్తే, కూర్చుని తినాలి. ఒక్కపూట. అంతే."

"మరి కెప్టెన్ గారి విందో?" అన్నాడు వడ్రంగి.

"ఆయనకీ భగవంతుడు రెండు చేతులిచ్చాడుగా."

పరాచికం అనుకున్నాం. లంగరు వేశాక చూస్తే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నిచ్చెన దగ్గర మా వెనకే నిలబడ్డాడు. చీఫ్ ఆఫీసరు అడ్డమొచ్చాడు.

"ఎక్కడికి?"

"ఒడ్డుకండి."

"సాయంత్రం అతిథులొస్తుంటేనా? నీకు సెలవెవరిచ్చారు?"

"ఓడంతటికీ సెలవన్నారు కదండీ. నేను ఓడలో లేనా?"

మాలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆఫీసరు ముఖం కందగడ్డయింది. "దిగితే దిగు. మళ్లీ ఈ ఓడలో నీకు పొయ్యి ఉండదు. బాగా ఆలోచించుకో!"

బాబాయి వంటగది తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "కాపలా ఉన్నవాళ్లకి అన్నం వండి మూతేశాను. కూర వెచ్చగానే ఉంది. విందు సంగతి తమరు చూసుకోండి."

నిచ్చెన దిగడం ఆయనకు అలవాటు లేదు. పడవలోంచి వడ్రంగి ఆయన మడమ పట్టుకుని ఒక్కో మెట్టు మీదా పెట్టించాడు.

ఒడ్డు మీద నేల ఊగుతున్నట్టు అందరం తూలాం. రేవు పక్కనే ఒకావిడ నడిపే చిన్న భోజనశాల ఉంది. లోపలికి వెళ్తూనే బాబాయి తిన్నగా ఆవిడ పొయ్యి దగ్గరికి నడిచి గరిటె అందుకోబోయాడు.

"అన్నా, ఇది నా పొయ్యి. నీ కుర్చీ అదిగో!" అని కసిరింది.

కూర్చున్నాడు. చేతిగుడ్డను నీళ్లలో తడిపి బల్ల మీద పరిచి, దాని మీద పళ్లెం పెట్టుకున్నాడు.

"అదేంటన్నా, నా బల్ల ఎక్కడికైనా పారిపోతుందా?"

"మా ఓడలో పారిపోతాయమ్మా. గుడ్డ తడిపితేనే పళ్లెం నిలుస్తుంది." చెప్పాక తనకే నవ్వొచ్చింది. మేమూ పొట్టలు పట్టుకున్నాం. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఇంకో గుడ్డ తడిపి తెచ్చి, ఆయన నీళ్ల గ్లాసు కింద మెల్లగా పెట్టి, వడ్డించింది.

బాబాయి కళ్లు మూసుకుని మొదటి ముద్ద నమిలాడు. "ఉప్పు ఎక్కువైంది" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "నేను వెయ్యని ఉప్పురా!"

అంతలో ఓడ కూత వేసింది. సెలవు ముగిసే వేళ కాదు. ఎవరికోసమో అందరికీ తెలుసు.

"బాబాయ్, ఇప్పుడెళ్తే సర్దుకుంటుంది. ఒక్క క్షమాపణ చెబితే పోదా?" అన్నాను.

"దేనికిరా? ఆకలేసినందుకా?"

"పొయ్యి పోతుంది బాబాయ్."

"పోనీ. లోకంలో పొయ్యిలకేం కరువు? నాకు ఇన్నాళ్లూ కరువైంది కుర్చీ ఒక్కటే."

రెండోసారి కూత ఇంకా పొడుగ్గా వచ్చింది. లేవబోయిన వడ్రంగి తిరిగి కూర్చుని తన కుర్చీని బాబాయి పక్కకు లాక్కున్నాడు. ఆ వెనక ఒక్కరం కూడా లేవలేదు.

ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి, ఒకసారి ఓడ వైపూ ఒకసారి ఆయన వైపూ చూసింది. "పిలుస్తున్నట్టున్నారు. పెట్టనా, వద్దా అన్నా?"

"పెట్టమ్మా" అన్నాడు బాబాయి, కుర్చీలో ఇంకాస్త వెనక్కి జారగిలబడి. "తొందరేం లేదు, నిదానంగా పెట్టు."