చాలు అన్న మాట

మొన్న సాయంత్రం మా గ్రేటర్ నోయిడా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని కింద ఆడపిల్లల వాలీబాల్ కోచింగ్ చూస్తున్నాను. కోర్టు చుట్టూ కుర్చీలు వేసుకుని తల్లులంతా ఫోన్లు ఎత్తిపట్టి బంతి బంతికీ వీడియో తీస్తున్నారు. ఇంత శ్రద్ధ చూస్తే నాకెందుకో అనుమానం. అయినా అనుమానం నా పుట్టుగుణమని మావారంటారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మావారికి బదిలీ అయి గుంటూరు నుంచి ఢిల్లీ వచ్చాం. ప్రభుత్వ క్వార్టర్సులో కాపురం, కూరగాయల బేరానికి సరిపడా హిందీ నాది. మా అమ్మాయి మాత్రం చూస్తుండగానే తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే ఢిల్లీ పిల్లయిపోయింది, పైగా స్కూలు వాలీబాల్ జట్టులో చేరింది. పదో తరగతి రాగానే ఇక ఆట మానమని నేను పోరడం మొదలుపెట్టాను. ఒకరోజు అన్నం తింటూ, తలెత్తకుండా, "ప్రాక్టీస్ చాలు" అని ఏదో గొణిగింది. పీడ వదిలిందనుకున్నాను.

అయినా సాయంత్రమయ్యేసరికి బ్యాగుతో బయల్దేరేది. ఆట మానేసిన పిల్ల ఎక్కడికి పోతున్నట్టు? పై అంతస్తు ఆంటీ "జమానా ఖరాబ్ హై, భాభీజీ" అని, రోజులు బాగోలేవంటూ నిట్టూర్చి అగ్నికి ఆజ్యం పోసింది. ఎదిగిన ఆడపిల్ల, కొత్త ఊరు మరి. ఒకనాడు వెనకాలే వెళ్లాను, ఏ కుర్రాడి స్కూటరెక్కుతుందోనని చూస్తూ. తిన్నగా స్కూలు గ్రౌండుకే వెళ్లింది. సరే, రెక్క పట్టుకుని లాక్కొద్దామని కంచె దాకా వెళ్లి ఆగిపోయాను. దాన్ని ఆటలోకే దింపలేదు. గీత బయట నిలబడి బంతులు అందిస్తూ, జట్టును హుషారెక్కిస్తూ, పగలబడి నవ్వుతోంది. ఢిల్లీ వచ్చాక మా ఇంట్లో అది అలా నవ్వగా నేను వినలేదు. దానికి కనబడకుండా వెనక్కి వచ్చేశాను.

అది ఇంటికొచ్చాక "ఆట చాలన్నావు కదే?" అంటే, కళ్లు పెద్దవి చేసి, "మమ్మీ, చాలూ హై బోలా థా!" అంది. హిందీలో చాలూ అంటే నడుస్తోందనట, తను చెప్పింది అదేనట. మావారు పడీపడీ నవ్వారు. నేనెలా వింటానో తెలిసే ఆ మాట వాడిందన్న అనుమానం నాకిప్పటికీ పోలేదు. అయినా మానమని మళ్లీ అనలేదు. పన్నెండో తరగతి అయ్యేదాకా ఆడింది.

ఇప్పటి తల్లులకు పిల్ల ఎక్కడుందో ఫోనే చెబుతుంది, నాలాగా వెంటపడి వెళ్లక్కర్లేదు. అయినా ఆ పిల్లల్లో చాలామంది ఏడాది తిరక్కుండానే మానేస్తున్నారు. ఆ సాయంత్రం నేను కనబడి ఉంటే మా అమ్మాయీ మర్నాటి నుంచి వెళ్లేది కాదేమో. మేమెవరం చూడకుండా అది నవ్వుకోగలిగిన చోటు ఆ ఊళ్లో అదొక్కటేనేమో. ఆ మాట దాన్ని అడగటానికి ఇన్నేళ్లయినా నాకు భయమే.